దుప్పికీ సముద్రపు పిట్టకూ ఒకే పట్టిక

మా ఆఫీసులో ఏది అడగాలన్నా పట్టిక గీయాలి. మధ్యలో నిలువు గీత. ఎడమ గడిలో 'ఉన్నది', కుడి గడిలో 'కావలసినది'. కుర్చీ కాలు విరిగితే, విరిగిన కుర్చీకీ రాబోయే కుర్చీకీ తేడాలు ఎనిమిది వరుసల్లో రాసి పంపాలి. ఒక్క వరుస తగ్గినా కాగితం వెనక్కి వస్తుంది. ఈ పద్ధతి ఎవడు పెట్టాడో తెలియదు. ఎప్పుడైనా కంటపడితే, వాడికీ గాడిదకూ తేడాలు ఎనిమిది రాయమని అడుగుతాను. ఏడు దాటవు.

పట్టికలు గీసే పని నాది. డిగ్రీ చివరి ఏడు మధ్యలో వదిలేసి రోజుకూలీ మీద రాతపనికి చేరాను. అది ఏ శాఖో చెప్పను, ఇంకా అక్కడే ఉన్నాను. బాలనర్సయ్య గురించి ఆఫీసులో ఉన్న కాగితాలన్నీ నేనో నా ముందటివాళ్లో రాసినవే. వాటిలో ఒక్కదానిలోనూ ఆయన లేడు. అందుకని ఇది రాస్తున్నాను.

హఫీజ్‌పేట స్టేషన్ నుంచి కొత్తగూడ వైపు నడిస్తే రాళ్లగుట్టల మధ్య మా శాఖ కంచ వస్తుంది. చుట్టూ ముళ్లతీగ. లోపల తుమ్మలు, మోదుగులు, సీతాఫలం పొదలు, ఒక కుంట, చుక్కల దుప్పులు ఇరవై ఏడు. జాగీరు రోజుల్లో అది ఒక దొర వేటతోట. మీసాలు మొలిచే వయసులో బాలనర్సయ్య పని ఏమిటంటే, డప్పు కొట్టి దుప్పులను పొదల్లోంచి దొర తుపాకీ ముందుకు తోలడం. జాగీర్లు పోయాయి. దొర బంగళా అమ్ముకుని వెళ్లిపోయాడు. దుప్పులను కొనేవాడు లేక అవి మిగిలాయి. సర్కారు కంచను తీసుకున్నాక కాపలాకు మనిషి కావలసివచ్చింది. వాటి సంగతి తెలిసినవాడు ఇంకెవడూ లేకపోవడంతో, తోలినవాణ్ణే కాపలా పెట్టారు. అది యాభై రెండులో. పోస్టు తాత్కాలికం. ఆరు నెలలకొకసారి ఆర్డరు పొడిగించేవాళ్లు. అట్లా నలభై ఎనిమిది ఆర్డర్లు. మనిషికి తాత్కాలికంగానే తల నెరిసింది, తాత్కాలికంగానే రెండు పళ్లు ఊడాయి. కంచలో రాతిగోడల గుడిసె ఒకటి ఉద్యోగంతో పాటు వచ్చింది. ఆయనా భార్య రుక్కమ్మా అందులో ఉండేవాళ్లు. ఉద్యోగం పోతే గుడిసె కూడా పోతుంది.

ఆయన పనితీరు నాకు మొదటినుంచీ చికాకే. నెలనెలా దుప్పుల లెక్క ఆఫీసుకు రావాలి. మామూలు మనిషైతే నిలబడి లెక్కపెడతాడు. ఈయన అమావాస్య నాడు పొద్దు పొడవకముందే చెరువుమన్నులో ఉప్పు కలిపి ముద్దలు చేసి బండ మీద పెడతాడు. ముప్పై గజాల అవతల కూర్చుంటాడు. ఒళ్లో ఇరవై ఏడు గులకరాళ్లు. ఒక్కో దుప్పికి ఒక్కో రాయి. ఏ దుప్పి వచ్చి ఉప్పు నాకితే దాని రాయి పక్కకు పెడతాడు. పొద్దెక్కాక ఏ రాయి మిగిలితే ఆ దుప్పిని వెతుక్కుంటూ పోతాడు. కాగితం కోసం నేను మధ్యాహ్నం దాకా ఎండలో కూర్చోవాలి.

"అన్నీ ఒక్క తీర్గనే ఉన్నయి గద మామా, ఏ రాయి దేనిదో ఎట్ల తెలుస్తది?" అని ఒకసారి అడిగాను.

"ఒక్క తీర్గ యాడున్నయిరా వీరేశం. గా ముందటిదాని చెవు సూడు, చినిగింది. దాని ఎన్కది సోమరిది, ఎప్పుడైనా ఆకర్నే వస్తది. కాలేజిల పుస్తకం గూడ గిట్లనే సూసినవా? మరి వాపస్ రాక ఏం జేస్తవ్."

డెబ్బై ఆరు అక్టోబరులో సర్క్యులర్ వచ్చింది. ఎమర్జెన్సీ రోజులు. మాటలు తగ్గించి పని పెంచమని గోడల మీద రాసి ఉండేది. ఆఫీసుల్లో మనుషులను తగ్గించి కాగితాలు పెంచారు. సర్క్యులర్‌లో ఉన్నది ఇదీ: సాధారణంగా దొరికే జంతువులకు ప్రత్యేక కాపలా అనవసరం. అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జీవి ఆ స్థలంలో ఉంటే తప్ప, తాత్కాలిక కాపలా పోస్టులన్నీ డిసెంబరు ముప్పై ఒకటితో రద్దు.

చదివి వినిపించాను. బాలనర్సయ్య బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకున్నాడు.

"అంటే దుప్పులు ఎక్కువున్నయని నన్ను తీసేస్తరా?"

"అవ్."

"నేను కాస్తెనే గద గిన్నున్నయి. తక్కువ జేస్తే ఉంచుతరేమో అడుగు."

మా హెడ్ గుమాస్తా రామబ్రహ్మం గారిది భీమునిపట్నం. రాష్ట్రం కలిసిన ఏడాది ఉద్యోగం మీద వచ్చి మియాపూర్‌లో కిరాయికి దిగారు. ఇరవై ఏళ్లయినా ఇక్కడి నీళ్లు, ఎండ, చింతపండు ఏవీ ఆయనకు సరిపడలేదు. దేన్ని చూసినా మా సముద్రం పక్కన అయితే అని మొదలుపెట్టేవారు. మనిషి మాత్రం మంచివాడు. బాలనర్సయ్య నలభై ఆర్డర్లు ఆయన చేతిమీదుగానే వచ్చాయి. సర్క్యులర్ చూసి రెండు రోజులు అన్నం సయించలేదన్నారు. అన్నం మానితే సర్క్యులర్ ఆగుతుందా అని నేనంటే, నీకు మర్యాద నేర్పినవాడు లేడు నాయనా అన్నారు.

నవంబరు మూడో వారంలో కోస్తాలో తుఫాను. మా వైపు రెండు రోజులు ముసురు, చలిగాలి. మూడోనాడు మంగళవారం, బాలనర్సయ్య తడిసిన గొంగడితో మదీనాగూడలోని మా ఆఫీసుకు నడిచి వచ్చాడు.

"సారూ, ఓ పిట్ట దొరికింది. రుక్కమ్మకు కందిచేన్ల దొరికింది. కోళ్లగంప కింద ఏస్తే పడ్తలేదు."

"పిట్ట దొరికితే నాకెందుకయ్యా చెబుతావు? వదిలెయ్యి" అన్నారు రామబ్రహ్మం గారు, తల ఎత్తకుండా.

"ఇడిస్తే పోతలేదు సారూ. నల్లగున్నది. తోక కత్తెర లెక్క. రెక్క ఇప్పితే నా గుడిసె తలుపంత ఉన్నది."

రామబ్రహ్మం గారు కలం కింద పెట్టారు. "ముక్కు కొస వంగి ఉందా?"

"కొడవలి లెక్క."

ఆయన గొడుగు తీసుకుని లేచారు. ఇరవై ఏళ్లలో ఆఫీసు వేళలో ఆయన లేవడం అదే మొదలని మిగతావాళ్లు తర్వాత చెప్పుకున్నారు.

గుడిసె ముందు రుక్కమ్మ చీపురు పట్టుకుని కుక్కలకు కాపలా కూర్చుంది. పక్కన ఆ పక్షి. గంప పక్కన పడి ఉంది. ఒళ్లంతా నలుపు, పొట్ట మీద తెల్ల మచ్చ. అంత పెద్ద రెక్కలకు కాళ్లు చూస్తే నవ్వు వస్తుంది, పిచ్చుకకు పెట్టాల్సినవి దీనికి పెట్టినట్టు. మేం నలుగురం చుట్టూ నిలబడినా కదల్లేదు. ఒక్కొక్కరినీ చూసింది.

"మనిషిని సూస్తే ఏ పిట్టయినా జంకుతది" అంది రుక్కమ్మ. "గిది మా అత్త సూసినట్టు సూస్తది."

రామబ్రహ్మం గారు గొడుగు ముడిచి, వంగి చూశారు. "ఇది సముద్రం మీది పక్షి. నా చిన్నతనంలో ఒక తుఫాను తర్వాత మా నాన్నగారు చూపించారు. మళ్లీ చూడలేదు" అన్నారు. ఆ తర్వాత ఆయనలో గుమాస్తా మేలుకున్నాడు. "వీరేశం, ఆ సర్క్యులర్‌లో ఏమని ఉందీ? అంతరించే జీవి ఆ స్థలంలో ఉంటే తప్ప, అని కదూ?"

"అవును సార్."

"ఉంది కదా మరి."

"తుఫానుకు కొట్టుకొచ్చిన పిట్ట మన కంచ జీవి ఎట్లవుతది సార్?"

"నేను కొట్టుకొచ్చి ఇరవై ఏళ్లయింది. నాకు రేషను కార్డు ఇక్కడే ఇచ్చారు. వచ్చే సోమవారం డివిజన్ అధికారి తనిఖీకి వస్తున్నారు. అప్పటిదాకా దీన్ని బతికించండి. ఆయన కళ్లతో చూశారంటే బాలనర్సయ్య పోస్టు నిలబడుతుంది. నువ్వు పట్టిక గియ్యి."

"దేనికీ దేనికీ?"

"దుప్పికీ దీనికీ."

అక్కడే, బండ మీద కూర్చుని మొదలుపెట్టాం. ఎడమ గడిలో దుప్పి, కుడి గడిలో పక్షి. మొదటి వరుస, కాళ్లు: నాలుగు, రెండు. రెండో వరుస, కొమ్ములు: మగవాటికి కలవు, ఏటా రాలును; పక్షికి లేవు. మూడో వరుస, ఆహారం: గడ్డి, ఆకులు, రాలిన కాయలు, దొరికినది ఏదైనా; పక్షికి చేపలు మాత్రమే. నాలుగో వరుస, లభ్యత. దుప్పి: ఎక్కడ చూసినా కలదు. పక్షి: ఎక్కడా లేదు. ఈ పోలిక కంటే చెప్పుకీ చంద్రుడికీ పోలిక నయం అన్నాను. ఎనిమిది కావాలి, రాయి నాయనా అన్నారు ఆయన.

"భయం అని రాయుండ్రి" అన్నాడు బాలనర్సయ్య.

"అదేం వరుసయ్యా?"

"దుప్పి ఆకు రాలినా ఉరుకుతది సారూ. ఒక్కతి కూత పెడితే ఇరవై ఏడూ ఉరుకుతయి. డప్పు కొట్టిన రోజులల్ల సూసిన గద, పదిట్ల తొమ్మిది తప్పిచ్చుకునేది. గందుకే ఇన్నున్నయి. గీ పిట్టకు బుగులే లేదు. మెడ పట్టుకుంటే పట్టుకోనిచ్చింది. బుగులు లేనిది ఎట్ల మిగుల్తది?"

"భయం అనే వరుస సర్కారు కాగితంలో ఉండదు" అన్నారు రామబ్రహ్మం గారు. నేను 'స్వభావం' అని రాశాను. ఆ పట్టిక మొత్తంలో బుద్ధి ఉన్న వరుస అదొక్కటే. అది ఐదోది. మిగతా మూడూ దొరకలేదు.

తిండి ఇంకో తలనొప్పి. హఫీజ్‌పేట చెరువు నుంచి రుక్కమ్మ చిన్నచేపలు తెచ్చింది. పళ్లెంలో పెడితే పక్షి చూడలేదు. నీళ్లలో వేసి పెడితే చూడలేదు. సముద్రమంటే ఉప్పు గద అని బాలనర్సయ్య దుప్పుల ఉప్పుముద్ద తెచ్చి ముందు పెట్టాడు. దాన్నీ చూడలేదు. చివరికి ఒక కాకి చేపల గిన్నె మీదికి వస్తే, రుక్కమ్మ కోపంతో చేతిలో ఉన్న చేపను కాకి మీదికి విసిరింది. చేప కాకికి తగల్లేదు. మధ్యలోనే ఈ పక్షి మెడ చాచి టక్కున అందుకుని మింగింది.

"అయ్యో దీని దొరతనం పాడుగాను" అంది రుక్కమ్మ. "చేతితోని ఇస్తే తినదంట. ఇసిరెయ్యాల్నంట."

అప్పట్నించి పూటకు పది చేపలు విసరడం ఆమె పని అయింది. నన్ను చూసినప్పుడల్లా, నువ్వు గూడ నోరు తెరువు అల్లుడా, ఇంట్ల పెడ్తలేరు గద అనేది.

గురువారం నాడు రామబ్రహ్మం గారికి జాలి పుట్టింది. సముద్రపు జీవిని మూడు రోజులుగా మట్టిలో పడేశామని బాధపడి, దాన్ని కుంటలో వదలమన్నారు. బాలనర్సయ్య వద్దన్నాడు. ఎందుకు వద్దో చెప్పలేకపోయాడు, నాకు మనసు ఒప్పుత లేదు సారూ అన్నాడంతే. "ముప్పై ఏళ్లు సముద్రం పక్కన ఉన్నవాణ్ణయ్యా నేను. దుప్పుల సంగతి నువ్వు చెప్పు, నీళ్ల సంగతి నాకు వదిలెయ్యి" అని ఆయనే రెండు చేతులా ఎత్తి కుంటలో దింపారు.

పక్షి ఈదలేదు. రెక్కలు నీళ్ల మీద పరుచుకుని, గోనెసంచి తడిసినట్టు తడిసి, ఒక పక్కకు ఒరిగింది. ముక్కు మాత్రం పైకి పెట్టి మమ్మల్నే చూస్తోంది, అప్పుడు కూడా బెదురు లేదు. బాలనర్సయ్య నడుములోతు దిగి దాన్ని ఎత్తుకొచ్చాడు. పళ్లు కొట్టుకుంటున్నాయి.

"సముద్రంల ఉండేదానికి ఈత రాదా సారూ?"

రామబ్రహ్మం గారు గట్టు మీద కూలబడ్డారు. "ముప్పై ఏళ్లు" అన్నారు. తడి చేతులు తుడుచుకుంటూ, "నాకూ రాదులే" అన్నారు.

తడిసిన పక్షిని ఆరబెట్టాలంటే ఎండ తగిలే చోటు కావాలి. కంచలో ఎండ బాగా తగిలేది పెద్దగుట్ట మీది బండకు. బాలనర్సయ్య దాన్ని చంకలో పెట్టుకుని అక్కడికెక్కాడు. నక్కలూ కుక్కలూ వస్తాయని, తన తలపాగా చింపి, ఒక పీలిక పక్షి కాలికీ, రెండో కొస రాతి సందులో పెరిగిన చెట్టు వేరుకీ కట్టాడు. శుక్ర, శనివారాలు అక్కడే కూర్చున్నాడు. రుక్కమ్మ అన్నం పైకి మోసుకెళ్లి, చేపలు విసిరి, తిట్టి, దిగేది. మొగుడికి విసరలేదు గాని అదొక్కటే తక్కువ.

నా పట్టికలో ఇంకా మూడు వరుసలు ఖాళీ. ఆ జీవి నిజంగా అరుదైనదని చదువుకున్నవాడెవడైనా సంతకం చేయాలి కూడా. నాకు తెలిసిన చదువుకున్నవాడు ఒక్కడే, నేను ఎవరి క్లాసులోంచి లేచి కాలేజీ వదిలేశానో ఆయన. జంతుశాస్త్రం చలపతిరావు గారు. ఆదివారం పొద్దున్నే బస్సెక్కి నాంపల్లిలో ఆయన ఇంటికి పోయాను. జేబులో పట్టిక, కాగితంలో చుట్టిన ఒక ఈక.

తలుపు తీసి చూశారు. "వీరేశం. కప్పను సగం కోసి వెళ్లిపోయావు."

"అవును సార్. ఇప్పుడు ఒక పక్షి గురించి వచ్చాను."

పట్టిక చదివారు. కొమ్ములు లేవు అన్న దగ్గర కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు. "ఇది మీ ఆఫీసు మూర్ఖత్వమా, నీదా?"

"ఆఫీసుదే సార్. రాత నాది."

ఈక చూశాక ఆయన ముఖం మారింది. లోపలికి పోయి బొమ్మల పుస్తకం తెచ్చి నేను చెప్పినవన్నీ ఒక్కొక్కటే సరిచూశారు. పొట్ట మీద మచ్చ ఎక్కడిదాకా ఉందో మూడుసార్లు అడిగారు. అప్పుడు చెప్పారు. ఆ రకం పక్షి భూమ్మీద ఒకే ఒక చోట గూడు కడుతుందట, హిందూ మహాసముద్రంలో ఎక్కడో ఒక చిన్న దీవిలో. రెండేళ్లకొక గుడ్డు. పిల్ల ఎగరడం నేర్చాక కూడా నెలల తరబడి తల్లే మేపుతుంది. ఉన్నవే కొద్ది వేలు. "మీ దుప్పి ఏటా పిల్లను పెడుతుంది, అడవిలో పెడుతుంది, చేను పక్కన పెడుతుంది, నీ ఆఫీసులో తోలినా పెడుతుంది. ఇది ఆ దీవిలో ఆ చెట్ల మీదే పెడుతుంది. ఆ చెట్లు కొట్టేస్తే ఇది లేదు. రాసుకో."

రాసుకున్నాను. ఆరు, ఏడు, ఎనిమిది. నా జన్మలో ఆయన చెప్పింది శ్రద్ధగా రాసుకోవడం అదే.

"దీనికి ఈత ఎందుకు రాదు సార్?"

"ఈకల్లో నూనె చాలదు. నీళ్ల మీద వాలితే తడిసి చస్తుంది. సముద్రం మీదే బతకాలి, సముద్రంలో దిగకూడదు. చదును నేల మీద నుంచి లేవనూ లేదు. దానికి ఎత్తు కావాలి, ఎదురుగాలి కావాలి. ఎక్కడ పెట్టారు?"

"గుట్ట మీది బండ మీద."

"మంచిది. ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు సార్. తడిసిందని ఆరేశారు. కాలికి తలపాగా పీలిక కట్టి."

సంతకం పెడుతున్న ఆయన చెయ్యి ఆగింది. "కట్టారా? గాలి లేచిందంటే అది ఆగదు. కాలు విరుగుతుంది. వెళ్లి విప్పించు."

సంతకం పూర్తి చేసి ఇచ్చారు. నేను దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా లోపలి జేబులో దాచుకుని, హఫీజ్‌పేటకు రైలెక్కాను. ఎనిమిది వరుసలు, ఒక సంతకం. ఇరవై నాలుగేళ్లలో బాలనర్సయ్య గురించి అంత బలమైన కాగితం మా ఆఫీసులో పుట్టలేదు.

స్టేషన్లో దిగేసరికి మధ్యాహ్నం తిరిగింది. గాలి లేచింది. కంచ గేటు దగ్గరికి వస్తుండగానే రుక్కమ్మ గొంతు వినిపించింది. గుట్ట కింద నిలబడి పైకి అరుస్తోంది.

"ఇడువకు. రేపొక్క దినం. నా మాట ఇను, ఒక్క దినం."

పైన బాలనర్సయ్య. ఆయన తలకు మూరెడు ఎత్తున పక్షి. రెక్కలు పూర్తిగా విప్పింది, కొట్టడం లేదు, గాలి మీద ఊరికే ఆనుకుని ఉంది. కాలికున్న పీలిక పతంగి దారంలా బిగుసుకుంది. గాలి ఊపినప్పుడల్లా ఆ పుల్లంత కాలు వెనక్కి సాగుతోంది. చలపతిరావు గారు చెప్పింది నాకు తెలుసు. విప్పించమన్నారనీ తెలుసు. జేబులో కాగితం ఉందనీ తెలుసు. నేను అరిచింది ఏమిటంటే, "పట్టుకో మామా" అని.

ఆయన మా ఇద్దరినీ చూశాడు. నడుముకున్న కొడవలి తీసి పీలికను పక్షి కాలి దగ్గరగా ఒక్క వేటు కోశాడు.

పక్షి ఏమీ తొందరపడలేదు. నిలువునా లేచింది, మనం నిచ్చెన ఎక్కితే లేచినట్టు. రెండు చుట్లు తిరిగి, సముద్రం ఉన్న తూర్పుకే ముక్కు తిప్పింది. నేను మెడ నొప్పి పుట్టేదాకా చూసి, కింద కూర్చున్నాను.

దిగొచ్చాక అడిగాను. "ఏం జేసినవ్ మామా? రేపు సార్ వస్తడు. నా జేబుల కాగితం ఉన్నది. నీ నౌకరి ఉన్నది గిందుల."

"కాలు సూసినవా? ఇంకో గుంజు గుంజితే ఊడి నా చేతులకొస్తుండె. ఊడిన కాలు సూపెట్టి నౌకరి అడుగుదునా?"

"కొంచెం కిందికి గుంజి పట్టుకోరాదూ?"

"దుప్పి అయితే తన్నుకుంటది, కొరుకుతది, కట్టు తెంపుకుంటది. దాని కాలు అదే సూసుకుంటది. గీదానికి గా తెలివి లేదురా. కాలు పోయినా సరే, గాలి ఒస్తే లేస్తది. మనమే సూడాలె."

రుక్కమ్మ గుడిసెలోకి పోయి గిన్నెలు ఒకదాంట్లో ఒకటి పెట్టడం మొదలుపెట్టింది. బయటికి వినిపించేట్టు పెట్టింది.

సోమవారం డివిజన్ అధికారి జీపు దిగారు. రామబ్రహ్మం గారు పట్టిక అందించారు. అధికారి నిలబడే చదివారు.

"పక్షి ఏది?"

"నిన్న సాయంత్రం దాకా ఉందండి."

"లేని పక్షికి కాపలా ఎందుకు?"

"ఉన్నదని జంతుశాస్త్రం లెక్చరరు గారి సంతకం ఉందండి. ఈక కూడా ఉందండి."

ఆయన ఎర్ర కలం తీసి కుడి గడిని పైనుంచి కిందికి కొట్టేశారు. ఎడమ గడి మిగిలింది. దాన్ని పైకి చదివారు. దుప్పి: ఎక్కడ చూసినా కలదు. దొరికినది ఏదైనా తినును. ఏటా ఈనును. ఎక్కడైనా బతుకును. ప్రమాదం వచ్చినచో తనంతట తానే తప్పించుకొనును. పిట్టను పెద్ద చేయడానికి మేము దుప్పిని ఎంత తగ్గించాలో అంతా తగ్గించి రాశాం. ఇన్నేళ్ల ఆర్డర్లలో ఎవడూ ఇంత శుభ్రంగా దుప్పికి కాపలా అక్కర్లేదని నిరూపించలేదు.

"మీరే రాశారు కదా" అన్నారు అధికారి. బాలనర్సయ్య వైపు చూసి, "నీకేమైనా చెప్పుకునేది ఉందా?" అని అడిగారు.

"చినిగిన చెవుది సూడిది సారూ. జనవరిల ఈనుతది. గప్పుడు కుంట కాడికి కుక్కలు రాకుంట జర సూసుకోమనుండ్రి."

డిసెంబరు ముప్పై ఒకటిన గుడిసె ఖాళీ చేసి మదీనాగూడలో రుక్కమ్మ తమ్ముడి ఇంటికి పోయారు. బాలనర్సయ్య హఫీజ్‌పేట స్టేషన్లో సంచులు దింపే పనికి కుదిరాడు. యాభై దాటిన మనిషి. రామబ్రహ్మం గారు రైలెక్కాల్సి వస్తే లింగంపల్లిదాకా పోయి ఎక్కేవారు, ఆయన ముఖం చూడలేక.

కాపలా పోస్టు రద్దయింది గాని దుప్పుల లెక్క రద్దు కాలేదు. నెలనెలా లెక్క నువ్వే పంపు అని నాకు కాగితం ఇచ్చారు. జనవరిలో పోయాను. ఒకసారి పందొమ్మిది వచ్చాయి. ఇంకోసారి ముప్పై ఒకటి. మూడోసారి నన్ను చూసి ఒకటి కూత పెట్టింది, అన్నీ పరుగెత్తాయి, సున్నా. స్టేషన్‌కు పోయి బాలనర్సయ్యకు చెప్పాను. నవ్వుతాడేమో అనుకున్నాను. భుజం మీది సంచి దింపి, ఉప్పు తెచ్చినవా అని అడిగాడు. అమావాస్య నాడు పని మానుకుని వచ్చి లెక్కపెట్టాడు. ఇరవై ఎనిమిది. చినిగిన చెవుది ఈనింది. పంపాను.

ఫిబ్రవరిలోనూ వచ్చాడు. మార్చిలోనూ వచ్చాడు. ఏప్రిల్‌లో పైనుంచి ఉత్తరం వచ్చింది: కాపలాదారు లేకున్నను లెక్క సక్రమముగా అందుచున్నందున, సదరు పోస్టు అనవసరమని రూఢి అయినది.

ఆ కాగితం పట్టుకుపోయి స్టేషన్లో ఆయన ముందే చదివాను. "సూడు. నువ్వు వచ్చి లెక్కపెట్టినకొద్ది నీ నౌకరికి నువ్వే గొయ్యి తవ్వుకుంటున్నవ్. ఇగ రాకు."

"గా ముచ్చట దుప్పులకు ఎరుకనా?" అన్నాడు.

"ఎరుక లేదు. అయినా రాకు. నీకు దండం పెడతా."

రెండు అమావాస్యలు ఆయన రాకుండా నేనే అడ్డం పడ్డాను. లెక్క గడిలో 'తెలియదు' అని రాసి పంపాను. సంజాయిషీ అడిగారు. తెలిసిన మనిషి హఫీజ్‌పేట స్టేషన్లో సంచులు మోస్తున్నాడు, మిగతావాళ్లకు అన్ని దుప్పులూ ఒక్కటే, అని రాశాను. రామబ్రహ్మం గారు ఆ వాక్యం చదివి, నీ ఉద్యోగం కూడా పోతుంది నాయనా అన్నారు. అంటూనే దాని కింద తన సంతకం పెట్టారు. పట్టిక జోడించలేదు. ఆయన చేతి నుంచి పట్టిక లేకుండా వెళ్లిన కాగితం అదొక్కటే.

ఆగస్టులో జవాబు వచ్చింది. దుప్పుల లెక్కింపు నిమిత్తము ఒక అనుభవజ్ఞుణ్ణి నెలకు ఒక రోజు, రోజుకూలీపై, తాత్కాలికముగా నియమించుకొనవచ్చును. గుడిసె ప్రసక్తి లేదు.

నాకు ఆ కాగితం చింపెయ్యాలనిపించింది. చింపకుండా తీసుకుపోయాను. గూడ్సుబండి పక్కన నీడలో కూర్చుని ఉన్నాడు, మెడ మీద సిమెంటు దుమ్ము. చదివాను. రెండుసార్లు చదివించుకున్నాడు.

"నెలకొక్క దినమా?"

"ఒక్క దినమే."

"మరి తక్కిన దినాలు ఎవరు సూస్తరంట?"

"కాగితంల లేదు మామా."

బొటనవేలి మీది దుమ్ము పంచెకు తుడుచుకుని, సిరా ఏదిరా అని చెయ్యి చాపాడు.